ఉన్నది ఉన్నట్టు, మార్చింది మార్చినట్టు

ఐదు వందల ఏళ్ల నాటి సంగీతం పేజీ ఒకటి మీ స్క్రీన్ మీద ఉంది. స్టాఫ్‌కు ఐదు గీతలే. కానీ మొదట్లో ఉన్న గుర్తు మీకు అలవాటైన ట్రెబుల్ క్లెఫ్ కాదు. నోట్లు డైమండ్ ఆకారంలో ఉన్నాయి. బార్ లైన్లు లేవు. పై గొంతు ఒక పుస్తకంలో, కింది గొంతు ఇంకో పుస్తకంలో ఉన్నాయి. నాలుగు గొంతులూ కలిపి చూపించే స్కోర్ ఎక్కడా లేదు.

ఇది చూసి కొందరు "మన వల్ల కాదు" అని ట్యాబ్ మూసేస్తారు. కొందరు "మొదటి నోట్ ఏమిటో చూద్దాం" అంటారు. మీరు రెండో రకం. కాకపోయినా పర్వాలేదు, ఈ రోజు నుంచి అవుతారు.

నోటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పేజీని మళ్లీ ఎక్కించి, నేటి గాయకులు చదివి పాడేలా అచ్చుకు సిద్ధం చేయడాన్నే ఎన్‌గ్రేవింగ్ అంటారు. మీరు చర్చి కాయిర్‌లో పాడుతుండవచ్చు. విదేశాల్లో చదువుకుంటూ యూనివర్సిటీ కాయిర్‌లో చేరి ఉండవచ్చు. హైదరాబాద్‌లో పియానో గ్రేడ్ పరీక్షలకు ప్రిపేర్ అవుతుండవచ్చు. ఎవరైనా నేర్చుకోవచ్చు. దీనికి టాలెంట్ కంటే అలవాట్లు ముఖ్యం. అలవాట్లు ఎవరైనా మార్చుకోగలరు.

ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: ఉన్నది ఉన్నట్టు చూపించండి, మార్చింది మార్చినట్టు చెప్పండి. మిగతాదంతా దీన్ని ఆచరణలో పెట్టడమే.

ముందు భయం పోవాలి

తెలియనిదే భయపెడుతుంది. తెలుసుకుందాం.

1501లో వెనిస్ నగరంలో ఒత్తావియానో పెత్రూచి 'హార్మోనిచే మూసిచెస్ ఒధెకాటోన్' అనే సంపుటం తెచ్చాడు. అనేక గొంతుల సంగీతాన్ని విడి టైపులు పేర్చి అచ్చువేసిన మొదటి పుస్తకం అదే. ఆయన పద్ధతి ఓపికకు పరీక్ష. ఒకే కాగితాన్ని గీతల కోసం ఒకసారి, నోట్ల కోసం మరోసారి ప్రెస్‌లోకి పంపాలి. కాగితం కొంచెం పక్కకు జరిగినా గీత మీద ఉండాల్సిన నోట్ సందులోకి పడుతుంది. అయినా ఆ పేజీలు నేటికీ కళ్లకు ఇంపుగా ఉంటాయి.

1528లో పారిస్‌లో పియెర్ అతెన్యాన్ ఇంకో దారి పట్టాడు. నోట్, దాని వెనకున్న గీతల ముక్క రెండూ ఒకే టైపులో పోత పోసి, ఒక్కసారికే అచ్చు పూర్తి చేశాడు. గీతలు అతుకులు వేసినట్టు కనిపిస్తాయి. కానీ పని త్వరగా అవుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఇద్దరూ గెలిచారు. తమ లక్ష్యం ఏమిటో ఇద్దరికీ స్పష్టంగా తెలుసు. మీకూ తెలియాలి.

ఇక క్లెఫ్‌లు. అవి మొత్తం మూడు అక్షరాలే: సి, ఎఫ్, జి. క్లెఫ్ చెప్పేది ఒక్కటే మాట: "ఈ గీత మీద ఫలానా స్వరం ఉంది." సి క్లెఫ్ ఏ గీత మీద కూర్చుంటే ఆ గీత మిడిల్ సి. అప్పట్లో అది ఐదు గీతల్లో దేని మీదైనా కూర్చునేది. ఎందుకు? గొంతు పలికే పరిధి ఆ ఐదు గీతల లోపలే ఒదగాలి. పైనా కిందా లెడ్జర్ లైన్లు గీసుకుంటూ పోవడం చేతిరాతకూ కష్టమే, అచ్చుకూ కష్టమే.

నాలుగు గొంతుల రచనలో సాధారణంగా కనిపించే వరస ఇది:

- పై గొంతుకు సి క్లెఫ్ మొదటి గీత మీద. దీన్ని సి1 అంటారు, సోప్రానో క్లెఫ్ అని కూడా.
- ఆల్టో గొంతుకు సి3. మధ్య గీత మిడిల్ సి.
- టెనర్‌కు సి4.
- బాస్‌కు ఎఫ్4. ఇది నేటి బాస్ క్లెఫే.

చూశారా? నాలుగింట్లో ఒకటి మీకు ఇప్పటికే వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సినవి మూడే.

మెట్టు 1: చిన్న లక్ష్యం పెట్టుకోండి

మొదటి ప్రాజెక్టుకే నలభై గొంతుల రచన ఎత్తుకోకండి. థామస్ టాలిస్ అలాంటిది రాశాడు, 'స్పెమ్ ఇన్ ఆలియమ్'. అది ఎక్కడికీ పోదు. తర్వాత చూద్దాం.

మొదటి రచన ఇలా ఉండాలి:

- నాలుగు గొంతులు. అంతకు మించి వద్దు.
- పాడితే మూడు నాలుగు నిమిషాల్లో అయిపోవాలి.
- చేతిరాత ప్రతి వద్దు. అచ్చు ప్రతి ఎంచుకోండి.
- తాళం రెండేసి భాగాలుగా విడిపోవాలి.

చివరి షరతు ముఖ్యం. మూడు భాగాల పాత తాళాల్లో ఒకే ఆకారం నోట్ పక్కనున్న నోట్‌ను బట్టి ఒకచోట మూడు, ఇంకోచోట రెండు విలువ పలుకుతుంది. అది రెండో అంకం. మొదటి అంకంలో దాని జోలికి పోవద్దు.

విలియం బర్డ్ 1605లో అచ్చువేసిన 'గ్రాదువాలియా' తొలి సంపుటంలోని 'ఆవే వేరుమ్ కార్పుస్' చూడండి. నాలుగు గొంతులు. చిన్నది. రికార్డింగులు బోలెడు. మీరు ఎక్కించింది సరిగ్గా ఉందో లేదో చెవితో పోల్చి చూసుకోవచ్చు.

పాత ప్రతుల స్కాన్లు ఉచితంగా దొరుకుతాయి. 2006లో మొదలైన ఐఎమ్ఎస్ఎల్‌పీ లైబ్రరీకి పెత్రూచి పేరే పెట్టారు. 1998లో మొదలైన కోరల్ పబ్లిక్ డొమైన్ లైబ్రరీలో గాయకులు, ఎడిటర్లు తయారుచేసిన వేల స్కోర్లు ఉన్నాయి. ఒక్క హెచ్చరిక. పాత ప్రతి నుంచే పని చేయండి. ఈ మధ్య ఎవరో ఎడిట్ చేసిన పుస్తకాన్ని చూసి దించేయకండి. వాళ్ల శ్రమకు కాపీరైట్ ఉంటుంది. పైగా వాళ్ల తప్పులు కూడా మీ ఖాతాలో పడతాయి.

మెట్టు 2: సాఫ్ట్‌వేర్ తెరవకముందే కాగితం తెరవండి

తొందర మన పాత శత్రువు. మౌస్ పట్టుకునే ముందు పెన్ను పట్టుకోండి. ప్రతి గొంతుకూ ఈ ఆరు విషయాలు రాసుకోండి:

1. క్లెఫ్ ఏది, ఏ గీత మీద ఉంది?
2. కీ సిగ్నేచర్‌లో ఏముంది?
3. తాళం గుర్తు ఏది? వృత్తమా, అర్ధవృత్తమా, అడ్డగీత ఉందా?
4. మొదటి నోట్, దాని ముందున్న విరామాలు.
5. చివరి నోట్.
6. ఆ గొంతులో అన్నిటికంటే కింది స్వరం, అన్నిటికంటే పై స్వరం.

రెండో అంశం దగ్గర చాలామంది బోల్తా పడతారు. సి2 క్లెఫ్‌లో పై గీత మీద ఒక బి ఉంటుంది, కింది సందులో ఇంకో బి ఉంటుంది. పాత ప్రింటర్లు రెండు చోట్లా ఫ్లాట్ గుర్తు పెట్టేవారు. అలవాటు కొద్దీ మీరు "రెండు ఫ్లాట్లు, అంటే బి, ఇ" అనేసుకుంటారు. కాదు. రెండూ బి ఫ్లాట్లే. లెక్కపెట్టడం కాదు, ఏ గీత మీద ఉందో చూడండి.

ఇంకో ఉచ్చు. బాస్‌కు ఒక ఫ్లాట్ ఉండి, పై గొంతుకు ఏమీ లేకపోవచ్చు. "ప్రింటర్ మర్చిపోయాడు" అని సరిదిద్దేయకండి. అప్పటి రచనల్లో అది మామూలే. అర్థం కాని ప్రతిదీ తప్పు కాదు. ఈ వాక్యాన్ని గోడ మీద రాసి పెట్టుకున్నా తప్పులేదు.

మెట్టు 3: రోజుకు పది నిమిషాలు క్లెఫ్ సాధన

సి1 క్లెఫ్ తీసుకోండి. కింది గీత మిడిల్ సి. అక్కడి నుంచి గీతల మీద వరసగా సి, ఇ, జి, బి, డి. పైకి చదవండి. కిందికి చదవండి. మర్నాడు సి3. కింది గీత నుంచి ఎఫ్, ఎ, సి, ఇ, జి. ఆ మర్నాడు సి4. డి, ఎఫ్, ఎ, సి, ఇ.

ఒక నియమం పెట్టుకోండి. "ట్రెబుల్‌లో అయితే ఇది ఫలానా, కాబట్టి దానికి రెండు కలిపితే" అనే లెక్క వద్దు. ఆ దారి పట్టినవాళ్లు ఎప్పటికీ లెక్కల్లోనే ఉంటారు. క్లెఫ్ గీతను చూడండి. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా నడవండి. నోరు తెరిచి పాడండి. కళ్లకు చెవి తోడైతే వేగం దానంతటదే వస్తుంది.

పది నిమిషాలే. కానీ రోజూ. ఆదివారం గంట కూర్చుని మిగతా ఆరు రోజులు వదిలేయడాన్ని సాధన అనరు.

మెట్టు 4: సాఫ్ట్‌వేర్ ఎంపికకు ఒక్క సాయంత్రం చాలు

ఏది మంచిదో తేల్చుకోవడానికే నెలలు గడిపేవాళ్లు ఉన్నారు. మీరు ఆ జాబితాలో చేరకండి.

మౌస్‌తో నోట్లు పెట్టడం ఇష్టమా? మ్యూజ్‌స్కోర్ ఉచితం. సి క్లెఫ్‌లన్నీ అందులో ఉన్నాయి. డబ్బు పెట్టగలిగితే సిబెలియస్, డోరికో ఉన్నాయి. ఫినాలే మీద మాత్రం కొత్తగా పెట్టుబడి పెట్టకండి. 2024 ఆగస్టులో దాని తయారీదారులే అభివృద్ధి ఆపేస్తున్నట్టు ప్రకటించారు.

టైప్ చేయడం ఇష్టమా? కోడింగ్ చేసే చేతులా? అయితే లిలీపాండ్ మీ కోసమే. 1996లో నెదర్లాండ్స్‌కు చెందిన ఇద్దరు సంగీతకారులు మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. సంగీతాన్ని అక్షరాల్లో టైప్ చేస్తారు, అది పేజీ గీసి ఇస్తుంది. పాత సంగీతానికి ఇందులో ప్రత్యేకమైన ఏర్పాట్లు ఉన్నాయి. పెత్రూచి అచ్చులో కనిపించే క్లెఫ్ ఆకారాలను పెత్రూచి-సి1, పెత్రూచి-సి3 లాంటి పేర్లతోనే పిలవవచ్చు. చేతిరాత ప్రతుల తీరు క్లెఫ్‌లు, డైమండ్ నోట్లు, చర్చి ప్లెయిన్‌చాంట్ కోసం చతురస్రపు నోట్లు కూడా ఉన్నాయి.

ఇందులో అసలు లాభం ఇంకొకటి. లిలీపాండ్‌లో మీరు టైప్ చేసేది స్వరాన్ని. స్టాఫ్ మీద దాని స్థానాన్ని కాదు. క్లెఫ్ అనేది చూపించే తీరు మాత్రమే. ఒక్క పదం మారిస్తే అదే పాట పాత క్లెఫ్‌లోనూ వస్తుంది, నేటి క్లెఫ్‌లోనూ వస్తుంది. స్వరం చెక్కుచెదరదు. పండితులకు ఒక ప్రతి, గాయకులకు ఒక ప్రతి. ఫైల్ ఒక్కటే.

ఏదైనా ఒకటి ఎంచుకోండి. ఈ ప్రాజెక్టు పూర్తయ్యేదాకా మార్చకండి. పూర్తి చేసిన మామూలు టూల్ పని, సగంలో వదిలేసిన గొప్ప టూల్ పని కంటే వెయ్యి రెట్లు మేలు.

మెట్టు 5: ఒక్కో గొంతు, ఒక్కో గెలుపు

నాలుగు గొంతులూ ఒకేసారి ఎక్కించాలని చూడకండి. ముందు బాస్. తెలిసిన క్లెఫ్‌తో మొదలుపెడితే కాన్ఫిడెన్స్ వస్తుంది. తర్వాత టెనర్. తర్వాత మిగతావి.

పాత ప్రతిలో బార్ లైన్లు ఉండవు కదా, లెక్క తప్పితే ఎలా తెలుస్తుంది? లిలీపాండ్‌లో నిలువు గీత టైప్ చేస్తే అది బార్ చెక్. బార్ అక్కడికి సరిగ్గా పూర్తికాకపోతే "బార్‌చెక్ ఫెయిల్డ్" అని హెచ్చరిక వస్తుంది. ఎంత దూరంలో తేడా వచ్చిందో కూడా చెబుతుంది. ప్రతి బార్ చివరా ఆ గీత టైప్ చేయండి. బద్ధకించకండి. ఇరవై బార్ల తర్వాత తప్పు వెతకడం నరకం. ఒక్క బార్ తర్వాత దొరికిన తప్పు అర నిమిషం పని.

పాత పుస్తకమే మీకు ఇంకో సహాయం చేస్తుంది. చాలా ప్రతుల్లో ప్రతి వరస చివర ఒక చిన్న కొక్కెం లాంటి గుర్తు ఉంటుంది. దాని పేరు కస్టోస్. తర్వాతి వరసలో మొదటి నోట్ ఎక్కడుందో అది ముందే చెబుతుంది. కొత్త వరసలో క్లెఫ్ మారి ఉండవచ్చు, మీరు గమనించకపోవచ్చు. కస్టోస్ చూపించిన స్వరమూ మీరు టైప్ చేసిన స్వరమూ ఒకటేనా? ప్రతి వరస దగ్గరా ఆగి చూడండి.

నాలుగు గొంతులూ ఎక్కాక మిడీ ప్లే చేసి వినండి. కళ్లు మూసుకోండి. బలమైన దెబ్బ మీద చెవిలో గుచ్చుకునే అపస్వరం వినిపిస్తే ఆపండి. ఆ కాలపు రచయితలు అపస్వరాన్ని చాలా జాగ్రత్తగా సిద్ధం చేసి, వెంటనే విడిపించేవారు. కారణం లేకుండా గుచ్చుకుందంటే ఎక్కువసార్లు అది క్లెఫ్ తప్పు చదవడమే. ముందు మీ టైపింగ్‌ను అనుమానించండి. తర్వాతే ప్రింటర్‌ను.

మెట్టు 6: సాహిత్యాన్ని చిన్నచూపు చూడకండి

గాయకులు నోట్ ఒక్కటే పాడరు, మాట పాడతారు. పాత ప్రతుల్లో మాటలు నోట్ల కింద అందాజాగా ఉంటాయి. ఏ అక్షరం ఏ నోట్‌కో చాలాచోట్ల మీరే తేల్చాలి.

'అల్లెలూయా' తీసుకోండి. అల్, లే, లూ, యా. నాలుగు భాగాలు. కింద పది నోట్లు ఉన్నాయనుకోండి. 'లూ' మీద ఏడు నోట్లు సాగాలా, 'అల్' మీద సాగాలా? చూడాల్సినవి ఇవి:

- ఒత్తు ఏ భాగం మీద ఉంది? సాగదీత దానికే ఇవ్వండి.
- ఒకే నోట్ వెంటనే మళ్లీ వచ్చిందా? ఎక్కువసార్లు అక్కడ కొత్త భాగం మొదలవుతుంది.
- చివరి భాగాన్ని చివరి నోట్‌కు దాచండి.
- ఇదే స్వరాల వరస ఇంకో గొంతులో వచ్చిందా? అక్కడ మాట ఎలా కూర్చారో చూడండి.

మాట మళ్లీ పాడాలనుకున్నప్పుడు పాత ప్రింటర్లు పూర్తిగా వేసేవారు కాదు. 'ఐజె' అని రెండక్షరాల గుర్తు వేసి ఊరుకునేవారు. మీరు ఆ మాటను పూర్తిగా రాయండి. కానీ ఇటాలిక్ అక్షరాల్లో. అప్పుడే అది మీరు విస్తరించిన మాట అని చదివేవాళ్లకు తెలుస్తుంది. మన సూత్రం మళ్లీ వచ్చింది చూడండి.

మెట్టు 7: నిర్ణయం తీసుకోండి, దాచకండి

ఇక ధైర్యం కావాల్సిన చోటుకు వచ్చాం.

పాత రచనల్లో కొన్నిటికి క్లెఫ్‌లన్నీ మామూలు కంటే పై స్వరాలకు తగినవిగా ఉంటాయి. సి1 బదులు జి2. సి3 బదులు సి2. సి4 బదులు సి3. ఎఫ్4 బదులు ఎఫ్3. ఈ పై క్లెఫ్‌ల వరసను కియావెత్తే అంటారు. పలెస్త్రీనా 1567లో ప్రచురించిన ఆరు గొంతుల 'పోప్ మార్చెల్లుస్ మాస్' ఈ క్లెఫ్‌లలోనే ఉంది.

రాసింది రాసినట్టు పాడితే గొంతులు పైకి పోతాయి. అందుకే చాలామంది దీన్ని "కిందికి దించి పాడండి" అనే సూచనగా చదువుతారు. 1619లో జర్మన్ సంగీతకారుడు ప్రేతోరియుస్ తన 'సింటాగ్మా మూసికుమ్' మూడో సంపుటంలో ఈ మాటే రాశాడు. సిగ్నేచర్‌లో ఫ్లాట్ ఉంటే నాలుగో స్వరం దాకా, లేకపోతే ఐదో స్వరం దాకా దించమన్నాడు. మోంతెవెర్ది 1610 నాటి 'వెస్పర్స్'లో కొన్ని భాగాలకు ఇది వర్తిస్తుందని 1984లో ఆండ్రూ పారట్ వాదించాడు. ఆ చర్చ ఇంకా ఆగలేదు.

మన కచేరీ విన్నవాళ్లకు ఇది వింత కాదు. రాసిన 'స' ఒకటే. గాయని ఐదున్నర శ్రుతిలో పాడుతుంది, గాయకుడు ఒకటి శ్రుతిలో పాడతాడు. కీర్తన మారదు, ఆధారం మారుతుంది.

ఇప్పుడు మీరేం చేయాలి? మూడు పనులు.

ఒకటి: మీ కాయిర్ గొంతులను బట్టి ఎంత దించాలో, నోట్ విలువలు తగ్గించాలో లేదో నిర్ణయించండి. రెండు: స్కోర్ మొదట్లో ఇన్సిపిట్ పెట్టండి. అంటే ప్రతి స్టాఫ్ ముందూ పాత క్లెఫ్, పాత సిగ్నేచర్, పాత తాళం గుర్తు, మొదటి నోట్ చిన్నగా చూపించడం. లిలీపాండ్‌లో దీనికి ఇన్సిపిట్ పేరుతోనే ఆదేశం ఉంది. మూడు: "నాలుగో స్వరం దాకా దించాను, నోట్ విలువలు సగానికి తగ్గించాను" అని కింద ఒక వాక్యం రాయండి.

ఇంతే. మీ నిర్ణయంతో ఒప్పుకోనివాళ్లు కూడా మీ పేజీని నమ్ముతారు. వెనక్కి వెళ్లే దారి మీరే చూపించారు కాబట్టి.

మెట్టు 8: మీ చేతి ముద్ర కనిపించనివ్వండి

ఎడిటర్లు వాడే గుర్తులు కొన్ని ఉన్నాయి. సొంతంగా కనిపెట్టకుండా వీటినే వాడండి:

- మూలంలో ఉన్న షార్ప్, ఫ్లాట్ నోట్‌కు ముందు ఉండాలి. మీరు సూచించినవి నోట్ పైన చిన్నగా ఉండాలి. వీటిని మూసికా ఫిక్తా అంటారు.
- మూలంలో కలిపి రాసిన నోట్ల గుంపు, అంటే లిగేచర్, మీద పూర్తి బ్రాకెట్ గీయండి.
- నల్లగా నింపి విలువ మార్చిన నోట్ల మీద మూలలు మాత్రమే ఉన్న విరిగిన బ్రాకెట్ గీయండి.
- బార్ లైన్లు స్టాఫ్ మీద కాకుండా రెండు స్టాఫ్‌ల మధ్య ఖాళీలో గీయవచ్చు. దీన్ని మెన్సుర్‌ష్ట్రిక్ అంటారు. గాయకుడికి లెక్క తెలుస్తుంది, పొడుగు నోట్‌ను ముక్కలు చేసి కట్టాల్సిన పని ఉండదు.
- క్లెఫ్ పక్కన ఆంబిటుస్ పెట్టండి. ఆ గొంతు ఎంత కిందికి, ఎంత పైకి పోతుందో రెండు నోట్లలో తెలిసిపోతుంది.
- టెనర్‌కు నేటి ప్రతిలో కింద 8 ఉన్న ట్రెబుల్ క్లెఫ్ వాడండి.

ఈ శ్రద్ధ మనకు కొత్తేమీ కాదు. త్యాగరాజు తెలుగు కీర్తనలను చిన్నస్వామి ముదలియార్ 1890లలోనే మద్రాసులో స్టాఫ్ నోటేషన్‌లో అచ్చువేశారు. ఆయన ప్రోత్సాహం అందుకున్న సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగు లిపిలో తెచ్చారు. గమకం గమకానికీ ఒక గుర్తు, ఆ గుర్తుకు వివరణ ఇచ్చారు. కంప్యూటర్ లేని రోజుల్లో సీసం అచ్చులతో చేసిన పని అది. మీ దగ్గర ల్యాప్‌టాప్ ఉంది. సాకు లేదు.

మెట్టు 9: పాడేవాళ్ల చేతికివ్వండి

మీ కంటికి పేజీ బాగుందా? అది సగం పరీక్షే. ప్రింట్ తీయండి. ఈ జాబితాతో చూడండి:

- చేయి చాచి పట్టుకుంటే అక్షరాలు కనిపిస్తున్నాయా?
- పేజీ తిప్పే చోట గాయకుడికి ఊపిరి పీల్చుకునే వీలుందా?
- మాటలు ఒకదానికొకటి తగులుతున్నాయా?
- చివరి నోట్ పాత ప్రతిలో లాంగా అని పొడవుగా ఉంటుంది. నాలుగు గొంతులూ అక్కడ ఒకేచోట ఆగేలా సర్దారా?
- రచయిత పేరు, మూలం, సంవత్సరం, మీ మార్పులు పేజీ మీద ఉన్నాయా?

తర్వాత నలుగురికిచ్చి పాడించండి. మీరు నోరు విప్పకండి. వివరించకండి. ఎక్కడ తడబడ్డారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఒకే చోట ఇద్దరు తడబడితే తప్పు వాళ్లది కాదు, పేజీది. ఇంటికెళ్లి సరిచేయండి. విమర్శ అంటే ఉచితంగా దొరికిన ప్రూఫ్ రీడింగ్. థాంక్స్ చెప్పి తీసుకోండి.

సాకులు, జవాబులు

"నాకు స్టాఫ్ నోటేషనే సరిగ్గా రాదు." ఇంకా మంచిది. ట్రెబుల్ క్లెఫ్ అలవాటు ముదరనివాళ్లు సి క్లెఫ్‌లను త్వరగా పట్టుకుంటారు. మర్చిపోవాల్సింది తక్కువ.

"కోడింగ్ రాదు." లిలీపాండ్‌లో కావాల్సింది కోడింగ్ కాదు, స్పెల్లింగ్. నచ్చకపోతే మ్యూజ్‌స్కోర్ ఉంది.

"టైమ్ లేదు." రోజుకు ఒక వరస ఎక్కించండి. ఒక్క వరస. ఫోన్ పక్కన పెడితే ఆ టైమ్ దొరుకుతుంది.

"ఆల్రెడీ ఎవరో చేసే ఉంటారు." ఉండవచ్చు. మీ కాయిర్‌కు సరిపడే శ్రుతిలో, మీకు తెలిసిన ఆధారంతో చేశారా? పైగా నేర్చుకునేది మీరు. వాళ్లు చేస్తే మీకు రాదు.

"పర్‌ఫెక్ట్‌గా రాకపోతే?" రాదు. మొదటిది ఎవరికీ రాదు. తేదీ వేసి, వెర్షన్ 1 అని రాసి విడుదల చేయండి. తప్పు దొరికితే వెర్షన్ 2.

నాలుగు వారాల ప్లాన్

మొదటి వారం: రచన ఎంచుకోండి. ఆరు విషయాల కాగితం రాయండి. క్లెఫ్ సాధన మొదలుపెట్టండి.

రెండో వారం: బాస్, టెనర్ ఎక్కించండి. రెండూ కలిపి వినండి.

మూడో వారం: పై రెండు గొంతులు. తర్వాత సాహిత్యం. తర్వాత ఇన్సిపిట్.

నాలుగో వారం: ఎడిటర్ గుర్తులు, పేజీ సర్దుబాటు, ప్రింట్, పాడించడం, సరిదిద్దడం.

ఒక రోజు తప్పిందా? మర్నాడు మళ్లీ కూర్చోండి. రెండు రోజులు వరసగా తప్పనివ్వకండి. ఇదొక్కటే కఠిన నియమం.

ఈ అలవాటు మీతోపాటే వస్తుంది

నాలుగు వారాల తర్వాత మీ ఆఫీస్ రిపోర్టు చూసుకోండి. "డేటా ఇది, నా అంచనా ఇది" అని మీరు విడగొట్టి రాస్తుంటారు. మీటింగ్‌లో "ఆయన అన్నది ఇది, నాకు అర్థమైంది ఇది" అంటుంటారు. అర్థం కానిదాన్ని తప్పు అని కొట్టేయడం తగ్గుతుంది. బార్ బార్‌కూ సరిచూసుకున్న చేతికి, నెలాఖరులో అన్నీ ఒకేసారి చూద్దాంలే అనే బద్ధకం నచ్చదు.

మనుషులు మిమ్మల్ని నమ్మేది మీరు ఎప్పుడూ తప్పు చేయరని కాదు. మీరు ఎక్కడ మార్చారో వాళ్లకు చెబుతారని. నమ్మకం సంపాదించడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

కాబట్టి వాయిదా వద్దు. ఈ రాత్రి ఒక స్కాన్ దించుకోండి. బాస్ పుస్తకం తెరవండి. ఎఫ్ క్లెఫ్ ఏ గీత మీద ఉందో చూసి కాగితం మీద రాయండి. మొదటి వరస టైప్ చేసి, చివర బార్ చెక్ పెట్టి సేవ్ చేయండి. రేపు రెండో వరస.